పావలా మీది ఖడ్గమృగానికి లక్షన్నర ఇస్తారా? – నాణేల మీద మీ ప్రశ్నలు, జవాబులు

జంతువులు, పక్షుల బొమ్మలున్న నాణేల గురించి అడగండి అన్నాం, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు బాగానే వచ్చాయి. ఎక్కువ మన విజయవాడ, గుంటూరు వాళ్ళవే. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, అంతరించిపోతున్న జంతువుల నాణేలకి సంబంధించినవి ఈసారి తీసుకున్నాం.

మా నాన్నగారి బీరువాలో ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాలు ఒక డబ్బా నిండా దొరికాయండి. ఒక్కోటి లక్షన్నరకి కొంటామని ఫేస్‌బుక్‌లో వీడియో చూసి ఫోన్ చేస్తే, రిజర్వ్ బ్యాంక్ సర్టిఫికెట్ కావాలి, ముందు రెండు వేలు కట్టండి అంటున్నారు. కట్టొచ్చా? – ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

కట్టొద్దండి, ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఇలాంటి ప్రశ్నే ఇంకా చాలామంది అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఆ పావలా స్టెయిన్‌లెస్ స్టీలుది, 1988 నుంచి 2002 దాకా వేశారు, సుమారు మూడు గ్రాములు కూడా తూగదు, అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. అప్పట్లో బస్సు టికెట్‌కి, బడి ముందు జీడీలకి, గుళ్ళో హుండీకి అన్నిటికీ తిరిగిన నాణెం అది, లెక్కలేనన్ని వేశారు, ఇప్పటికీ ఏ ఇంట్లో వెతికినా నాలుగైదు దొరుకుతాయి. అంత విరివిగా దొరికేదానికి లక్షన్నర ఎవరు ఇస్తారు చెప్పండి? మామూలుగా అరిగిపోయినదానికి నాణేల కొట్లో ఐదో పదో వస్తే గొప్ప. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా తక్కువ నాణేలన్నీ చెల్లకుండా పోయాయి, ఇప్పుడు బ్యాంకులో ఇచ్చినా మార్చరు.

ఇక సర్టిఫికెట్ సంగతి. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది, పాత నోట్లు నాణేల అమ్మకాలతో మాకు సంబంధం లేదు, మా పేరు చెప్పి ఫీజు, కమీషన్, ట్యాక్స్ అని ఎవరైనా అడిగితే నమ్మొద్దు, అలా వసూలు చేసే అధికారం మేం ఎవరికీ ఇవ్వలేదు అని. కాబట్టి ముందు డబ్బు అడిగాడంటే వాడు నాణెం కొనేవాడు కాదు, మీ డబ్బు కోసం వచ్చినవాడు. ఇప్పటికే ఎవరైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇదంతా విని ఆ డబ్బా తీసుకెళ్ళి పాత ఇనప సామాను వాడికి మాత్రం ఇచ్చేయకండి. పిల్లల్ని కూర్చోబెట్టి సంవత్సరాల వారీగా వేరు చేయించండి. సంవత్సరం అంకెల కింద చిన్న గుర్తు చూడమనండి, ఏ మింట్‌లో, అంటే నాణేలు ముద్రించే ఏ చోట వేశారో అది చెప్తుంది. చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, డైమండ్ ఆకారం ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. ప్రతి సంవత్సరం, ప్రతి మింట్ ఒక్కోటి పోగేయాలంటే ఎంత టైం పడుతుందో అప్పుడు తెలుస్తుంది, పైసా ఖర్చు లేని సేకరణ అది. భూతద్దం పెట్టి ఆ జంతువుని కూడా చూడండి. 19 మిల్లీమీటర్ల బిళ్ళ మీద, భుజం దగ్గర తుంటి దగ్గర కవచంలా ఉండే చర్మం మడతలు కూడా కనిపిస్తాయి, మన ఒంటికొమ్ము ఖడ్గమృగానికి గుర్తు అదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ జాతి మొత్తం కలిపి రెండొందలకి అటూ ఇటుగా మిగిలిందంటారు, ఇవాళ భారత్, నేపాల్ కలిపి దాదాపు నాలుగు వేలు ఉన్నాయి. 2022 లెక్కల్లో ఒక్క కాజీరంగాలోనే 2,613. మనం జేబులో వేసుకు తిరిగిన రోజుల్లో ఆ జంతువు వెనక్కి కోలుకుంటూ వచ్చింది, ఆ పావలా విలువ నాకైతే అక్కడే కనిపిస్తుంది.

నేపాల్ నుంచి తెచ్చిన వెండి బిళ్ళ ఒకటి మా తాతగారిది ఉంది. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు, రెండోవైపు తోక బారుగా ఉన్న జంతువు. సంవత్సరం మాత్రం 2031 అని హిందీ అంకెల్లో ఉంది! ఇంకా రాని సంవత్సరం ఎలా వేస్తారు, నకిలీదేనా? – గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

నకిలీ అని తేల్చేయకండమ్మా. నేపాల్ నాణేల మీద విక్రమ సంవత్ లెక్క వేస్తారు, అందులోంచి 57 తీసేస్తే మన లెక్క వస్తుంది. 2031 అంటే 1974. మీరు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో ఉన్నది ఎర్ర పాండా, 50 రూపాయల నాణెం, రాజు బీరేంద్ర. మీ తాతగారు మంచి వస్తువే దాచారు.

1974లో ప్రపంచ వన్యప్రాణి నిధి, ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ కలిసి ఒక పెద్ద ప్రయత్నం మొదలుపెట్టాయి. రెండు డజన్ల దేశాలు తమ తమ దేశాల్లో ఆపదలో ఉన్న జంతువుల బొమ్మలతో నాణేలు వేయాలి, అమ్మగా వచ్చినదాంట్లో వాటా సంరక్షణ పనికి వెళ్ళాలి అని. బ్రిటన్ రాయల్ మింట్ ముద్రణ చూసుకుంది. చాలా దేశాలు రెండు వెండివి, ఒక బంగారందీ వేశాయి. నేపాల్ వంతు హిమాలయాల్లో తిరిగే రంగురంగుల డాంఫే పక్షి 25 రూపాయల మీద, ఎర్ర పాండా 50 మీద, ఖడ్గమృగం వెయ్యి రూపాయల బంగారు నాణెం మీద వచ్చాయి. పాకిస్తాన్ 1976లో 150 రూపాయల నాణెం మీద ఘరియల్ మొసలిని వేసింది, మూతి చివర కుండలాంటి బుడిపె ఉండే మొసలి, మన చంబల్ నదిలో ఉండేదే.

ఇప్పుడు మీరు చూసుకోవాల్సిందల్లా అది ఏ రకమో. ఈ సిరీస్‌లో ఒకే బొమ్మతో రెండు రకాలు వచ్చాయి. ప్రూఫ్ అనేది అద్దంలా మెరిసే నేల మీద జంతువు మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది, అందులో వెండి 92.5 శాతం. రెండోది మామూలు ముద్రణ, యూఎన్‌సీ అంటారు, అందులో వెండి సగమే. బరువులో కూడా తేడా ఉంటుంది, ప్రూఫ్‌ది ఎక్కువ. పట్నంబజారులోనో వన్‌టౌన్లోనో వెండి కొట్టుకి తీసుకెళ్తే వాళ్ళు తూకానికి లెక్కగట్టి, సగం వెండే కదా అని తీసిపారేస్తారు. అది నాణెం ధర కాదు, కరిగిస్తే వచ్చే ధర. అలా అమ్మొద్దు. అన్నట్టు ఎర్ర పాండా ఇప్పటికీ అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలోనే ఉంది, నాణెం వచ్చి యాభై ఏళ్ళు దాటినా దాని పరిస్థితి బాగుపడలేదు.

జంతువుల వెండి నాణేలు నల్లబడితే చింతపండుతో తోమొచ్చా? – అరండల్‌పేట, గుంటూరు

వద్దు. విబూది, పళ్ళపొడి, షాపుల్లో దొరికే వెండి పాలిష్ పొడి కూడా వద్దు. కుందులు, కంచాలు తోముకోండి, నాణేన్ని మాత్రం ముట్టుకోకండి. చింతపండు పులుపు పైపొరని తినేస్తుంది, పొడితో రుద్దితే కంటికి కనపడని గీతలు పడతాయి, పులి మీసాలు, పక్షి ఈకలు లాంటి సన్నపని ముందు అరిగిపోతుంది. తోమిన నాణెం తళతళలాడుతుంది గానీ చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది, ధర బాగా పడిపోతుంది. నలుపుతో ఉంటేనే నయం.

ప్రాజెక్ట్ టైగర్ 50 రూపాయల నాణెం వచ్చిందని పేపర్లో చదివి బ్యాంకుకెళ్ళి అడిగితే మా దగ్గర ఉండదన్నారు. ఎక్కడ దొరుకుతుంది? – ఇంజినీరింగ్ స్టూడెంట్, విజయవాడ

బ్యాంకు వాళ్ళు చెప్పింది నిజమే. 1973 ఏప్రిల్ 1న జిమ్ కార్బెట్ పార్కులో పులుల్ని కాపాడే పథకం ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది, తొమ్మిది రిజర్వులతో. యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2023 ఏప్రిల్ 9న మైసూరులో ప్రధాని ఆ నాణెం విడుదల చేశారు. ఇలాంటివి చలామణి కోసం వేసేవి కావు. మన దేశంలో నాణేలు వేసేది కేంద్ర ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంక్ పంపిణీ మాత్రమే చూస్తుంది, మింట్‌లు నాలుగూ ఎస్‌పీఎంసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ కింద ఉన్నాయి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో బుకింగ్ పెడతారు, ప్రూఫ్ వేరే ధర, యూఎన్‌సీ వేరే ధర, బుకింగ్ అయిపోయాక ఇంక డీలర్ల దగ్గర ఎక్కువ పెట్టి కొనుక్కోవాల్సిందే. కాబట్టి వెబ్‌సైట్ మీద కన్నేసి ఉంచండి, 50 రూపాయలు అని రాసి ఉంది కదా 50కే ఇస్తారనుకోకండి, పెట్టె, ముద్రణ ఖర్చు, వెండి ఉంటే వెండి ఖర్చు అన్నీ కలిపి అమ్ముతారు.

ఈ నాణెం మనవాళ్ళు తప్పకుండా దాచుకోవాల్సింది అని నా అభిప్రాయం. దేశంలో అన్నిటికన్నా పెద్ద పులుల రిజర్వు నాగార్జునసాగర్ శ్రీశైలం, మాచర్ల దాటి సాగర్ వైపు వెళ్తే ఆ అడవి వచ్చేస్తుంది. అది 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకి వచ్చింది. 2022 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద పులులు సగటున 3,682. శ్రీశైలం బస్సులో దోర్నాల ఘాట్ మీద వెళ్ళేటప్పుడు కిటికీలోంచి ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు విసిరేవాళ్ళని చూస్తే మాత్రం కడుపు మండుతుంది నాకు, ఆ రోడ్డు రెండు వైపులా ఉన్నది పులుల ఇల్లే కదా.

పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి మా దగ్గర ఉంది, వెండిదేనా? – తెనాలి దగ్గర నుంచి ఒక రైతు

వెండిది కాదండి, నికెల్. అయస్కాంతం పెట్టి చూడండి, టక్కున అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండికి కరువొచ్చి 1940ల మొదట్లోనే రూపాయిలో వెండి సగానికి తగ్గించారు, 1946లో అర్ధరూపాయి, పావలా నికెల్‌లోకి మారాయి, 1947లో రూపాయి కూడా. ఒకవైపు ఆరో జార్జి, రెండోవైపు నడుస్తున్న పులి. బ్రిటిష్ రాజు ముఖంతో వచ్చిన ఆఖరి రూపాయి అదే. బాగా ఉన్నది అయితే నాణేల సేకరణ చేసేవాళ్ళు మంచి ధరే ఇస్తారు, నికెలే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి ఏటా ఒక చైనా పాండా వెండి నాణెం కొంటే పెళ్ళినాటికి బాగా పెరుగుతుందని మా బావగారు అంటున్నారు. కొన్నది తూకం వేస్తే 30 గ్రాములే ఉంది, ఔన్సు అంటే 31.1 కదా? – బ్యాంకు ఉద్యోగి, బెంజ్ సర్కిల్, విజయవాడ

ముందు తూకం గురించి. 2016 నుంచి పాండా నాణేలు ఔన్సులు మానేసి గ్రాముల్లో వేస్తున్నారు, 30 గ్రాములే కరెక్ట్. 2015, అంతకుముందువి అయితే 31.1 ఉండాలి. పాండా నాణేలు 1982లో బంగారంలో మొదలయ్యాయి, ఆ ఏడాది వాటి మీద విలువ కూడా వేయలేదు, తర్వాత నుంచి వేస్తున్నారు. ప్రతి ఏటా పాండా బొమ్మ మారుతుంది, 2001, 2002 మాత్రం ఒకటే. జంతువు విషయానికొస్తే 2016లోనే ఐయూసీఎన్ పెద్ద పాండాని అంతరించే ప్రమాదం జాబితా నుంచి ఒక మెట్టు దించింది, ఇప్పుడు దాన్ని హాని పొంచి ఉన్నది అంటున్నారు.

పాండాల్లో దొంగవి చాలా తిరుగుతున్నాయి కాబట్టి ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. సెల్‌ఫోను సైజులో ఉండే చిన్న తూకం మిషను ఉంటుంది, గ్రాములో వందో వంతు దాకా చూపించేది. గిన్నెలో నీళ్ళు పోసి మిషను మీద పెట్టి సున్నా చేయండి, నాణేన్ని సన్నటి దారంతో కట్టి అడుగుకీ అంచులకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. మేలిమి వెండి 30 గ్రాముల నాణెం అయితే మిషను 2.86 దగ్గర చూపించాలి, ఎందుకంటే వెండి సాంద్రత 10.49, ముప్ఫైని దాంతో భాగిస్తే వచ్చేది అదే. మూడున్నర దగ్గర్లో చూపించిందంటే లోపల రాగో ఇత్తడో ఉన్నట్టు. అయితే సీలు వేసిన క్యాప్స్యూల్‌లో ఉన్నదాన్ని ఈ పరీక్ష కోసం విప్పకండి, ప్రూఫ్ నాణేన్ని అసలు నీళ్ళలో ముంచకండి.

ఇక పెళ్ళినాటికి పెరుగుతుందా అంటే, వెండి ధర పెరిగితే పెరుగుతుంది, అంతవరకే నమ్మకంగా చెప్పగలం. మీరు కొనేటప్పుడు వెండి ధర మీద బొమ్మ కోసం, పెట్టె కోసం, డీలరు లాభం కోసం ఎక్కువ ఇస్తారు, అమ్మేటప్పుడు మన ఊళ్ళో చాలామంది ఆ ఎక్కువ ఇవ్వరు, వెండి ధరకే అడుగుతారు. పెళ్ళి ఖర్చులకే అయితే వెండి కడ్డీయో బంగారమో చూసుకోండి. అమ్మాయి పాండా బొమ్మలు చూసి సంబరపడుతుందా, ఏటా ఈసారి ఎలాంటి పాండా వస్తుందా అని ఎదురుచూస్తుందా, అప్పుడు కొనండి, మీ బావగారి లెక్క కోసం మాత్రం వద్దు.

తువాలు, నియూ అనే దేశాల పేరుతో చిరుతలు, తాబేళ్ళ నాణేలు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. అక్కడ జనం ఇవి వాడతారా? – విజయవాడ

వాడరు. అవి పసిఫిక్‌లో చిన్న చిన్న ద్వీపాలు. తువాలు పేరు మీద ఆస్ట్రేలియాలోని పెర్త్ మింట్ చాలా నాణేలు వేసింది, నియూలో వాడుకలో ఉన్నది న్యూజిలాండ్ డాలరు. ఆ దేశాలు తమ పేరు వాడుకోనిచ్చి ఫీజు తీసుకుంటాయి, నాణెం నేరుగా పెట్టెలోకి, పెట్టెలోంచి సేకరణ చేసేవాళ్ళ ఇంటికి. మోసమేం కాదు, పనితనం బాగుంటే కొనుక్కోవచ్చు, అయితే వెయ్యే వేశాం, ఐదొందలే వేశాం అన్న మాట చూసి ఎగబడకండి, ఏడాదికి అలాంటివి ఎన్నో వస్తాయి.

ఇలాంటి నాణేలు కొంటే నిజంగా జంతువులు బతుకుతాయా సార్? – తొమ్మిదో తరగతి అమ్మాయి, బ్రాడీపేట, గుంటూరు

చాలా మంచి ప్రశ్న అడిగావు తల్లీ. రెండు నాణేల కథ చెప్తాను, రెండూ పైన చెప్పిన సిరీస్‌లోవే. 1974లో ఇండోనేషియా 2000 రుపియాల వెండి నాణెం మీద జావా పులిని వేసింది. జావా దీవిలో మాత్రమే ఉండే పులి. తోటల కోసం, వరి పొలాల కోసం అడవులు కొట్టేశారు, పులుల్ని కాల్చారు, విషం పెట్టారు, వాటికి తిండిగా ఉండే జింకలు తగ్గిపోయాయి. నాణెం వచ్చేటప్పటికే అవి వేళ్ళ మీద లెక్కపెట్టేంత ఉన్నాయి, 1970లు దాటాక ఖాయంగా ఇది జావా పులే అన్న ఆనవాలు దొరకలేదు. ఐయూసీఎన్ దాన్ని అంతరించిందని రాసేసింది. నాణెం మీద పులి ఉంది, జావాలో లేదు.

రెండోది మారిషస్ 1975లో వేసిన 50 రూపాయల నాణెం, దాని మీద మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ. 1974లో అడవిలో ఆ డేగలు నాలుగంటే నాలుగే మిగిలాయని లెక్క. పురుగుమందు డీడీటీ వాడకం, బయటినుంచి తెచ్చిన కోతులు, ముంగిసలు గుడ్లు పిల్లల్ని తినేయడం, అడవి నరకడం అన్నీ కలిసి ఆ స్థితికి తెచ్చాయి. కార్ల్ జోన్స్ అనే జీవశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు గూళ్ళలోంచి గుడ్లు తీసి పొదిగించారు, గుడ్లు తీస్తే తల్లి మళ్ళీ పెడుతుంది కాబట్టి రెండింతలు పిల్లలొచ్చాయి, అడవిలో వదిలాక కొన్నాళ్ళు తిండి కూడా పెట్టారు, గూటిపెట్టెలు కట్టారు. ఇప్పుడవి వందల్లో ఉన్నాయి. ఇంకా పూర్తిగా గండం గట్టెక్కలేదు, ఉన్నాయి మాత్రం.

చూశావా, ఇద్దరికీ నాణెం వచ్చింది, బతికించింది మాత్రం నాణెం కాదు, ఏళ్ళ తరబడి అడవిలో పడి పనిచేసినవాళ్ళు. ఆ సిరీస్ మొదట అమ్మినప్పుడు సంరక్షణకి కొంత డబ్బు వెళ్ళింది. ఇప్పుడు డీలర్ దగ్గర పాతది కొంటే ఆ డబ్బు డీలర్‌కే, జంతువుకి చేరదు. కొత్త నాణెం అయినా అమ్మేవాళ్ళు వాటా ఎవరికి ఇస్తున్నారో పెట్టె మీదో సర్టిఫికెట్ మీదో రాశారేమో చూడాలి, ఊరికే సేవ్ టైగర్ అని రాస్తే చాలదు. నీ కిడ్డీ బ్యాంకులో డబ్బులతో జంతువులకి సాయం చేయాలని ఉంటే నేరుగా వాటి కోసం పనిచేసేవాళ్ళకి ఇవ్వు. నాణెం కొనాలని ఉంటే ఆ జంతువు గురించి నాలుగు విషయాలు తెలుసుకుని కొను, రెండూ చేయొచ్చు.

మన ఆంధ్రా జంతువు ఏదైనా నాణెం మీద వచ్చిందా? – రిటైర్డ్ టీచర్, పెదకాకాని

అసలు మన దగ్గర నాణెం మీద జంతువు కొత్త కాదు మాస్టారూ, శాతవాహనుల సీసం, రాగి నాణేల మీద ఏనుగు, సింహం ఉన్నాయి, వెనక ఉజ్జయిని గుర్తు, అంటే కూడిక గుర్తు నాలుగు చివర్లా గుండ్రాలు. ఇక ఈ రోజుల్లో రావాల్సింది ఏదంటే నేను మొదట చెప్పే పేరు కలివికోడి. ప్రపంచం మొత్తం మీద మన ప్రాంతంలోనే మిగిలిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, పోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఊరి మనిషి ఒకాయన రాత్రిపూట టార్చిలైటు వెలుతుర్లో పట్టుకున్నాడు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు అది అదే పక్షి అని తేల్చారు. దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. 1988లో తపాలా శాఖ కలివికోడి స్టాంపు వేసింది, స్టాంపుల కొట్లలో ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతుంది. నాణేల ఆల్బంలో ఆ స్టాంపుకి ఒక పేజీ ఇవ్వండి, నేను అలాగే పెట్టుకున్నాను.

ఆల్బం అంటే గుర్తొచ్చింది, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన నాణేలకి పచ్చటి జిగురు పట్టింది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువైంది. – గవర్నర్‌పేట, విజయవాడ

ఆ కవర్లు పీవీసీవి. మన ఎండకి, కృష్ణ ఒడ్డు ఉక్కకి ప్లాస్టిక్‌లోని రసాయనం బయటికొచ్చి లోహాన్ని తింటుంది, ఆ జిగురు అదే. వెంటనే బయటికి తీయండి, స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ముంచి, రుద్దకుండా, గుడ్డ మీద ఆరబెట్టండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, అందులో రంగు, సెంటు కలుపుతారు. కిటికీలు తెరిచి పెట్టుకోండి, పొయ్యి దగ్గర చేయొద్దు, మంట అంటుకుంటుంది. తర్వాత గట్టి ప్లాస్టిక్ క్యాప్స్యూళ్ళలోనో మైలార్ (పీవీసీ లేని పలచటి ప్లాస్టిక్) కవర్లలోనో మార్చి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం పడేయండి. రబ్బరు బ్యాండ్లు చుట్టొద్దు, న్యూస్‌పేపర్లో కట్టొద్దు, రెండూ వెండిని నల్లబరుస్తాయి. పట్టుకునేటప్పుడు అంచులు మాత్రమే పట్టుకోండి, ముఖ్యంగా ప్రూఫ్ నాణేలు, వేలిముద్ర ఒకసారి పడితే ఇంక పోదు.

మిగిలిన ప్రశ్నలకి వచ్చే నెల. ఫోటో పంపేవాళ్ళు రెండు వైపులా తీసి, బరువు రాసి పంపండి.